కొబ్బరి నూనెతో బండి నడుస్తుంది, మరి ఎందుకు నడపడం లేదు?

ఫిలిప్పీన్స్‌లో బంకుల్లో అమ్మే డీజిల్‌లో కొంత కొబ్బరి ఉంటుంది. 2024 అక్టోబరు 1 నుంచి అక్కడ డీజిల్‌లో 3 శాతం కొబ్బరి బయోడీజిల్ కలపడం తప్పనిసరి. 2025 అక్టోబరుకు దాన్ని 4 శాతం, 2026 అక్టోబరుకు 5 శాతం చేస్తామని ప్రభుత్వం ముందే చెప్పింది. తీరా 2025 వచ్చేసరికి 4 శాతాన్ని పక్కన పెట్టేసింది. ఇంజిన్లు పాడై కాదు, పొగ ఎక్కువై కాదు. కొబ్బరి నూనె ధర చూసి.

ప్రపంచంలో కొబ్బరి నూనెను అందరికంటే ఎక్కువగా ఎగుమతి చేసే దేశానికే ఈ ఒక్క శాతం బరువైంది. మన దగ్గర మాత్రం కొబ్బరికాయ ధర పడిపోయిన ప్రతిసారీ "దీంతో డీజిల్ చేస్తే రైతు బాగుపడతాడు కదా" అనే మాట ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. ఆ మాటలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. చేయగలమా అన్నది ఒకటి, చేస్తే గిట్టుతుందా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు ఎప్పుడో దొరికింది. తిరకాసంతా రెండోదానిలోనే ఉంది. మొదటి ప్రశ్నకు అవునని చెప్పించిన గుణమే రెండోదానికి కాదని చెప్పిస్తోంది.

నూనె వేరు, బయోడీజిల్ వేరు

"కొబ్బరి నూనెతో నడిచే బండి" అని వార్త వస్తే అది రెండింటిలో ఏదైనా కావచ్చు. మిల్లులో ఆడించిన నూనెను అలాగే ట్యాంకులో పోయడం ఒక పద్ధతి. ఆ నూనెను రసాయనికంగా మార్చి, వేరే పదార్థం చేసి పోయడం ఇంకో పద్ధతి. రెండింటికీ చాలా తేడా ఉంది.

నూనెను నేరుగా పోస్తే వచ్చే ఇబ్బంది చిక్కదనం. 40 డిగ్రీల దగ్గర కొలిస్తే కొబ్బరి నూనె చిక్కదనం 27 యూనిట్ల చుట్టుపక్కల ఉంటుంది, డీజిల్‌ది 2 నుంచి 4.5 మధ్య. డీజిల్ ఇంజిన్‌లో ఇంధనం నాజిల్ సన్న రంధ్రాల్లోంచి పొగమంచులా చిమ్మాలి. చిక్కటి నూనె పెద్ద పెద్ద చుక్కలుగా పడుతుంది, పూర్తిగా కాలదు. నాజిల్ మొన మీద మసి గట్టిపడుతుంది, పిస్టన్ రింగులు పట్టేస్తాయి, కాలకుండా మిగిలిన నూనె కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలిసి దాన్ని కూడా జిగురు చేస్తుంది. పాతకాలపు మొద్దు ఇంజిన్లు కొన్నాళ్లు ఓర్చుకుంటాయి. ఇంధనాన్ని చాలా ఎక్కువ ఒత్తిడితో చిమ్మే ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లు ఓర్చుకోవు. పైగా కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకోవడం మొదలుపెడుతుంది. చలికాలంలో తలనూనె సీసాను ఎండలో పెట్టుకునే మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇంధన పైపులో అదే జరిగితే బండి కదలదు.

పసిఫిక్ దీవుల మెకానిక్కులు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. బండికి రెండు ట్యాంకులు పెడతారు. డీజిల్‌తో స్టార్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కాక ఆ వేడితోనే నూనెను 70, 80 డిగ్రీలకు తెచ్చి దానికి మారతారు. ఆపేముందు మళ్లీ డీజిల్‌కు వచ్చి పైపులు కడిగేస్తారు. ఓపిక, శ్రద్ధ ఉన్నవాళ్లకు ఇది పనిచేస్తుంది. ట్యాక్సీ డ్రైవర్‌కు రోజూ ఈ తతంగం పెట్టడం కష్టం.

బయోడీజిల్ ఈ తలనొప్పి లేకుండా చేస్తుంది. ఏ వంటనూనె అణువైనా త్రిశూలం లాంటిది. గ్లిజరిన్ పిడి, దానికి మూడు కొవ్వు ఆమ్లాల మొనలు. నూనెలో మిథనాల్, కొద్దిగా కాస్టిక్ సోడా లాంటి క్షారం వేసి 60 డిగ్రీల దగ్గర కలియబెడితే మొనలు పిడి నుంచి విడిపోయి ఒక్కొక్కటి ఒక మిథనాల్ అణువును పట్టుకుంటాయి. అవే మిథైల్ ఎస్టర్లు, అంటే బయోడీజిల్. గ్లిజరిన్ బరువుగా అడుగుకు దిగుతుంది. మిథనాల్ 65 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి అంతకు మించి వేడి చేయరు. 100 కిలోల కొబ్బరి నూనెకు 14, 15 కిలోల మిథనాల్ ఖర్చవుతుంది. వచ్చేది సుమారు 100 కిలోల బయోడీజిల్, 14 కిలోల దాకా గ్లిజరిన్. చిక్కదనం 27 నుంచి 3 లోపుకు పడిపోతుంది. 24 డిగ్రీలకే పేరుకునే నూనె ఇప్పుడు సున్నా డిగ్రీల దరిదాపుల దాకా తేటగా ఉంటుంది.

చెప్పినంత తేలిక కాదు. కొబ్బరిని సరిగా ఎండబెట్టకపోయినా, నిల్వలో తేమ తగిలినా నూనెలో విడి కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. క్షారం వాటిని బయోడీజిల్ చేయదు, సబ్బు చేస్తుంది. ఆ సబ్బు నురుగులో గ్లిజరిన్ విడిపోదు, సరుకంతా పాడవుతుంది. అందుకే నాసి నూనెకు ముందు ఆమ్లంతో ఇంకో దశ శుద్ధి కావాలి, దాంతో ఖర్చు పెరుగుతుంది. యూట్యూబ్ చూసి పెరట్లో డ్రమ్ము పెట్టి ఇది చేద్దామనుకునేవాళ్లకు ఒక మాట: మిథనాల్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది, లోపలికి పోతే చూపు తీస్తుంది, ప్రాణమూ తీస్తుంది.

పన్నెండు కార్బన్ల గొలుసు

సోయా, పొద్దుతిరుగుడు, పామాయిల్ అన్నిటితోనూ బయోడీజిల్ వస్తుంది. మరి కొబ్బరి ప్రత్యేకత ఏమిటి? దాని కొవ్వు ఆమ్లాలు పొట్టివి. మిగతా నూనెల్లో ఎక్కువగా 16, 18 కార్బన్ల గొలుసులు ఉంటాయి. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం, అంటే 12 కార్బన్లు. ఇంకో ఆరో వంతు 14 కార్బన్ల మిరిస్టిక్ ఆమ్లం. పైగా 90 శాతం సంతృప్త కొవ్వు. డాక్టర్లు వద్దనే ఆ సంతృప్త గుణమే ఇంజిన్‌కు మేలు చేస్తుంది.

గాలితో చర్య జరిపే జంట బంధాలు దాదాపు లేవు కాబట్టి ఈ బయోడీజిల్ నిల్వలో త్వరగా చెడదు. సోయా బయోడీజిల్‌కు ఆ బెడద ఉంది. సిలిండర్‌లో ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే సీటేన్ సంఖ్య మన డీజిల్‌కు కనీసం 51 ఉండాలి, కొబ్బరి బయోడీజిల్‌కు 60 దాటుతుంది. అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మసి తగ్గుతుంది. సల్ఫర్ దాదాపు ఉండదు.

లోపాలూ ఉన్నాయి. లీటరులో ఉండే శక్తి డీజిల్ కంటే సుమారు ఎనిమిదో వంతు తక్కువ. పూర్తిగా దీంతోనే నడిపితే మైలేజీ తగ్గినట్టు తెలుస్తుంది, 3 శాతం కలిపితే ఎవరికీ తెలియదు. పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. ఇంకో విచిత్రం ఏమిటంటే యూరప్ ప్రమాణం ప్రకారం బయోడీజిల్ చిక్కదనం 3.5 నుంచి 5 మధ్య ఉండాలి, కొబ్బరిది అంతకంటే పలచన కాబట్టి అక్కడి పరీక్షలో తప్పుతుంది! ఆ ప్రమాణాన్ని వాళ్లు తమ పొలాల్లో పండే రేప్‌సీడ్ నూనెను దృష్టిలో పెట్టుకుని రాసుకున్నారు. అమెరికా ప్రమాణంలో ఇది పాసవుతుంది.

ఇంజిన్‌కు ఇంత నచ్చిన 12 కార్బన్ల గొలుసు సబ్బుల వాళ్లకు ఇంకా ఎక్కువ నచ్చింది. బాగా నురగ వచ్చే సబ్బు కావాలంటే లారిక్ ఆమ్లం కావాలి. షాంపూ, టూత్‌పేస్ట్, బట్టల డిటర్జెంట్, క్రీములలో నురగ తెప్పించే రసాయనాలు చాలావరకు దీని నుంచే వస్తాయి. పెద్ద ఎత్తున లారిక్ నూనె దొరికేది రెండే చోట్ల: కొబ్బరిలో, పామ్ గింజ పప్పులో. డీజిల్‌కు బదులు వంద ఉన్నాయి. లారిక్‌కు బదులు అంత తేలిగ్గా దొరకదు. అందుకే బయోడీజిల్ ఫ్యాక్టరీ కొబ్బరి నూనె కొనడానికి వెళితే, ఆ వరుసలో ముందే సబ్బు కంపెనీ, సౌందర్య సాధనాల కంపెనీ, చాక్లెట్ కంపెనీ నిలబడి ఉంటాయి. వాళ్లందరికంటే ఎక్కువ ధర పెట్టి, తగలబెట్టడానికి కొనాలి. కొబ్బరి మిథైల్ ఎస్టర్ కూడా డిటర్జెంట్ తయారీకి పనికొచ్చే ముడిసరుకే. బయోడీజిల్‌గా బంకుకు వెళ్లాల్సిన సరుకును ఆ కంపెనీలు అలాగే కొనుక్కోగలవు.

ధర ఊగిసలాట

ప్రపంచ మార్కెట్లో కొబ్బరి నూనె టన్ను 2011 ఆరంభంలో 2,000 డాలర్లు దాటింది. 2019లో 750 డాలర్ల కిందికి దిగింది. 2025 మధ్యలో 2,500 డాలర్ల పైకి పోయింది. డీజిల్ ధర కూడా ఊగుతుంది కానీ ఇంతలా కాదు. 2019 లాంటి ఏడాదిలో రెండు ధరలూ దగ్గరికొస్తాయి, అప్పుడు బయోడీజిల్ ఆలోచన తెలివైనదిగా కనిపిస్తుంది. ఫ్యాక్టరీ కట్టి ఉత్పత్తి మొదలుపెట్టేసరికి ధర మళ్లీ రెట్టింపవుతుంది.

ఈ ఊగిసలాటకు చెట్టు స్వభావం కూడా కారణం. పూగెల విచ్చుకున్నాక కాయ ముదరడానికి ఏడాది దాకా పడుతుంది. ఆ గెల చెట్టు మొవ్వులో రూపం పోసుకోవడం అంతకు రెండేళ్ల ముందే మొదలవుతుంది. ఒక ఏడాది కరవు వస్తే దెబ్బ ఆ ఏడాది కనిపించదు, తర్వాతి ఏడాదో ఆ పై ఏడాదో దిగుబడి పడిపోతుంది. 2023-24 ఎల్‌నినో ఎండల ప్రభావం 2025 ధరల్లో కనిపించడం అందుకే. తుపాను అయితే ఇంకా ఘోరం. 2013 నవంబరులో హైయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌లో మూడు కోట్లకు పైగా కొబ్బరి చెట్లను దెబ్బతీసింది. 1996 నవంబరు తుపానులో తోటలు పోగొట్టుకున్న కోనసీమ వాళ్లకు ఆ లెక్క ఏమిటో తెలుసు. మళ్లీ మొక్క నాటి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. బంకులో డీజిల్ ఆరేడేళ్లు ఆగదు.

ఫిలిప్పీన్స్ ఏం సాధించింది

2004లోనే అక్కడ ప్రభుత్వ వాహనాలకు 1 శాతం కొబ్బరి బయోడీజిల్ వాడాలని ఆదేశం వచ్చింది. 2007 జనవరిలో జీవ ఇంధన చట్టం మీద సంతకం పడింది. ఆ ఏడాది మే నుంచి దేశమంతటా 1 శాతం, 2009 ఫిబ్రవరి నుంచి 2 శాతం. ఆ తర్వాత 3 శాతానికి రావడానికి పదిహేనేళ్లు పట్టింది. చట్టం ఉంది, ఫ్యాక్టరీలు ఉన్నాయి, కొబ్బరి ఉంది. అయినా పదిహేనేళ్లు ఆగారంటే అది బద్ధకం కాదు. అక్కడ ఏటా వెయ్యి కోట్ల లీటర్లకు పైగా డీజిల్ ఖర్చవుతుంది. ఒక్క శాతం పెంచడమంటే పది కోట్ల లీటర్లు. లీటరుకు సుమారు పది కాయలు అనుకుంటే వంద కోట్ల కాయలు. ఆ కాయలు ఎగుమతిలోంచో వంటింట్లోంచో రావాలి.

రైతుకు మేలు జరిగిందా అంటే, కొంత. దేశంలోనే ఒక ఖాయమైన కొనుగోలుదారు ఉండటం ధర మరీ కుప్పకూలకుండా కాస్త ఆపుతుంది. కానీ ఎండుకొబ్బరి ధరను నిర్ణయించేది ప్రపంచ మార్కెట్టే, 3 శాతం డీజిల్ కాదు. ధర బాగున్నప్పుడు రైతుకు బయోడీజిల్ అక్కర్లేదు, ధర పడినప్పుడు 3 శాతం అతన్ని నిలబెట్టలేదు. ఈ పథకాన్ని రైతు సంక్షేమంగా కంటే మనీలా వీధుల్లో జీప్నీలు (అక్కడి ప్రయాణికుల బండ్లు) వదిలే నల్ల పొగ తగ్గించే మందుగా చూస్తేనే అర్థవంతంగా ఉంటుందని నాకనిపిస్తుంది. ఆ మాత్రం పనికి ఒకటి రెండు శాతం చాలు.

దీవుల్లో లెక్క వేరు

కొబ్బరి నూనె ఇంధనంగా నిజంగా నిలిచిన చోట్లు చిన్న దీవులు. పపువా న్యూగినీలోని బూగన్‌విల్‌లో 1988 చివర్లో పంగునా రాగి గని చుట్టూ తిరుగుబాటు లేచింది. తర్వాత ప్రభుత్వం దీవిని దిగ్బంధం చేసింది, డీజిల్ రావడం ఆగిపోయింది. అక్కడివాళ్లు కొబ్బరి నూనె తీసి బండ్లు నడిపారు. వనువాటు రాజధాని పోర్ట్ విలాలో కరెంటు సంస్థ యునెల్కో జనరేటర్లలో కొబ్బరి నూనె కలిపింది. మార్షల్ దీవుల్లోని మజురోలో ఎండుకొబ్బరి ఆడించే టోబోలర్ మిల్లు తన నూనెను వాహనాల్లో వాడింది.

ఇక్కడ తేడా దూరం. దీవికి డీజిల్ ఓడలో వస్తుంది, రవాణా ఖర్చుతో ధర పెరుగుతుంది. ఎండుకొబ్బరి ఓడలో పోతుంది, అదే రవాణా ఖర్చు రైతుకు వచ్చే ధరలోంచి కోసేస్తారు. ఒకటి పెరిగి, ఇంకొకటి తగ్గి రెండూ ఒకచోట కలుస్తాయి. మన దేశంలో ఈ పరిస్థితికి దగ్గరగా ఉండేది లక్షద్వీప్. కొబ్బరి అక్కడి ముఖ్య పంట, జనరేటర్లకు డీజిల్ మాత్రం ప్రధాన భూభాగం నుంచి ఓడలో వస్తుంది. అయితే సోలార్ పలకలు చవకయ్యాక దీవుల్లో కూడా ఈ వాదన బలం తగ్గింది. మిగిలేది పడవలు, రాత్రిపూట జనరేటర్లు.

అన్నట్టు, కొబ్బరి ఒకసారి విమానం కూడా ఎక్కింది. 2008 ఫిబ్రవరిలో వర్జిన్ అట్లాంటిక్ వాళ్లు లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు ఒక 747 నడిపారు. నాలుగు ఇంజిన్లలో ఒకదానికి ఇచ్చిన ఇంధనంలో 20 శాతం కొబ్బరి, బాబాసు (బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు) నూనెల నుంచి చేసింది. ప్రయాణికులు లేరు. పత్రికలకు మంచి ఫొటో దొరికింది, అంతకు మించి ముందుకు పోలేదు.

మన లెక్క

రూపాయల్లో చూద్దాం. 2025 సీజన్‌కు మిల్లింగ్ కొప్రా, అంటే నూనె ఆడించే ఎండుకొబ్బరి కనీస మద్దతు ధర క్వింటాలుకు 11,582 రూపాయలు. కిలో నూనెకు సుమారు 1.6 కిలోల ఎండుకొబ్బరి కావాలి. అంటే కిలో నూనెలో ముడిసరుకే 185 రూపాయలు, లీటరుకు 170. నూనె తీయగా మిగిలిన చెక్కను పశువుల దాణాకు అమ్మితే ఓ పదిహేను ఇరవై తిరిగొస్తుంది. దాని మీద మిల్లు ఖర్చు, మిథనాల్, ఫ్యాక్టరీ ఖర్చు. మిథనాల్‌లో ఎక్కువ భాగం మనం దిగుమతి చేసుకునేదే. 2025లో బంకులో పన్నులతో కలిపి డీజిల్ వంద రూపాయల లోపే ఉంది. ఇదంతా మద్దతు ధర దగ్గర లెక్క, 2025లో బయటి మార్కెట్ ధర దానికి చాలా పైన ఉంది. కాయల లెక్కలో చూసినా అంతే. అంబాజీపేట మార్కెట్లో వెయ్యి కాయలు పది వేలు పలికే రోజుల్లో కూడా లీటరుకు కావలసిన పది కాయలకే వంద రూపాయలు. దింపు కూలి, వలుపు కూలి పోగా అది రైతుకు సరిపోని ధర, బయోడీజిల్‌కు మాత్రం అదే మోయలేని ధర.

ధర సంగతి వదిలేసినా పరిమాణం ఒప్పుకోదు. దేశంలో ఏటా పండేవి దాదాపు 2,000 కోట్ల కాయలు. బోండాలు, పచ్చడి, గుడిలో కొట్టే కాయ, కేరళ వాళ్ల వంట అన్నీ మానేసి మొత్తం ఆడించినా 200 కోట్ల లీటర్లు వస్తుంది, అంటే 18 లక్షల టన్నులు. మన డీజిల్ వాడకం ఏటా 9 కోట్ల టన్నులు. అంటే 2 శాతం. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030కి పెట్టుకున్న లక్ష్యం 5 శాతం. వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశం, తినే నూనెను డీజిల్‌కు మళ్లిస్తే ఆ కొరతను మళ్లీ పామాయిల్ దిగుమతితో పూడ్చాలి.

అందుకే మన విధానం మొదటి నుంచీ తినని నూనెల వైపు చూసింది. 2003 ప్రాంతంలో అడవి ఆముదం, కానుగ అన్నారు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ మహిళలు కానుగ నూనె పని చేసి, 147 టన్నుల కార్బన్ ఉద్గారాల తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మిన కథ అప్పట్లో బాగా వినిపించింది. ఆ పల్లె స్థాయిలో అది నిజమైన విజయం. కానీ బీడు భూముల్లో అడవి ఆముదం చెప్పినంత కాయలేదు. బయోడీజిల్ మిశ్రమం ఇప్పటికీ దేశంలో 1 శాతం చేరలేదు.

కోనసీమకు పక్కనే కాకినాడలో యూనివర్సల్ బయోఫ్యూయెల్స్ ఫ్యాక్టరీ 2008 నుంచి ఉంది. అది కొబ్బరి నూనె జోలికి పోలేదు. పామ్ స్టియరిన్, జంతువుల కొవ్వు లాంటి చవక సరుకు మీద ఆధారపడింది. ఇప్పుడు అందరి కళ్లూ వాడేసిన వంటనూనె మీద ఉన్నాయి. నూనెను మళ్లీ మళ్లీ కాచితే పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే మళ్లీ వంటకు వాడకూడదని ఆహార భద్రత సంస్థ 2018 జులై నుంచి నిబంధన పెట్టింది, ఆ నూనెను బయోడీజిల్‌కు మళ్లించే రూకో పథకాన్ని ఆ ఆగస్టులో మొదలుపెట్టింది. కొబ్బరి తోటలను డీజిల్ బావులుగా ఊహించుకోవడం కంటే ఇది పది రెట్లు తెలివైన దారి. చిక్కల్లా సేకరణలో ఉంది. పెద్ద హోటల్ మూకుడులోంచి తీసిన నల్లటి నూనెకు ఇంకో కొనుగోలుదారు కూడా ఉన్నాడు. వీధి చివర బజ్జీల బండి వాడికి కొత్త నూనె కంటే అది చవక. బయోడీజిల్ వ్యాపారి అతని కంటే ఒక రూపాయి ఎక్కువ ఇస్తేనే ఆ డబ్బా ఫ్యాక్టరీకి చేరుతుంది.